తీసేసిన చప్పుళ్లు

చంద్రకళకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: భర్త మాట్లాడుతూ మాట్లాడుతూ నడుమ ఆగిపోతాడని, ఆ సగం మాటే ఆఖరి మాట అయిపోతుందని. పాపకు ఒళ్ళు వెచ్చబడితే ఆమె రాత్రంతా నుదురు తాకి చూస్తూనే ఉంటుంది. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి మలుపు దాకా పోయి వెనక్కి వస్తుంది. అయినా అవన్నీ దీని తర్వాతి భయాలే.

ఊరికే పెట్టుకున్న భయం కాదు అది. ఆగిపోవడం రోజూ జరిగేదే. ఆమె భర్త కురుమయ్య ఉత్తరాన మంచుకొండల కింద రైలు సొరంగం తవ్వే పనిలో ఉన్నాడు. పాలమూరు నుంచి మనుషులు గుంపులు కట్టుకొని దూరదేశాల పనికి పోవడం తాతల నాటిది. మట్టి పోయి రాయి వచ్చింది, ఎండ పోయి మంచు వచ్చింది, అంతే తేడా. సాయంత్రం పని దిగాక ఆరో నంబరు క్యాంపు నుంచి అతను ఫోను చేస్తాడు. ఇక్కడ నాగర్‌కర్నూలులో, రైసుమిల్లు వెనకాల ఒంటిగదిలో, ఫాల్సు కుడుతున్న చీర పక్కకు నెట్టి, మూడేళ్ళ హంసికను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, చంద్రకళ గోడకు ఆనించిన ఫోను ముందు కూర్చుంటుంది. అప్పుడు మొదలవుతుంది తెర మీద చక్రం తిరగడం.

ఇంటికి లైను ఇచ్చింది ఖాజా. ఒకప్పుడు ఇంటింటికీ కేబుల్ టీవీ తీగలు గుంజిన మనిషి, ఇప్పుడు ఆ స్తంభాల మీదుగానే ఇంటర్నెట్ పంపుతున్నాడు. కోతులు ఆ తీగల మీద ఊగుతాయి. వాన పడితే లైను పోతుంది, పెళ్ళి ఊరేగింపులో ఎత్తైన బండి వచ్చినా పోతుంది. ఇక అవతల కొండల మీది సంగతి చెప్పక్కర్లేదు. కురుమయ్య మొహం ముక్కలు ముక్కలుగా, గళ్ళ తువ్వాలలాగా వచ్చేది. మాట ఒక చోట, పెదవి ఒక చోట.

ఒకరి మాట మీద ఒకరిది పడిపోతుంటే ఉపాయం కురుమయ్యే చెప్పాడు. సొరంగం లోపల వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడే పద్ధతి అది. చెప్పదలచింది చెప్పి, చివర "ఇగ నువ్వు" అనాలి. ఆ రెండు మాటలు వినపడేదాకా అవతలివాళ్ళు నోరు తెరవకూడదు. అట్లా వాళ్ళ సంసారం వంతులవారీగా నడిచింది. బువ్వ తిన్నావా, ఇగ నువ్వు. పాప నిన్న నీ అంగీ వాసన చూసింది, ఇగ నువ్వు. చంద్రకళ ఆ మాట అన్నాక మనసులో ఒకటి నుంచి లెక్కపెట్టేది. తొమ్మిదికో పదికో అతని గొంతు వచ్చేది. దానికి ముందు దగ్గు వచ్చేది.

రాతి దుమ్ము గొంతులో పడ్డదని అనేవాడు. హంసికకు ఆ దగ్గు ఒక ఆట. తండ్రి ఖళ్ళున దగ్గగానే తానూ గుండెల మీద చెయ్యి పెట్టుకొని దగ్గేది, అతను నవ్వేవాడు, నవ్వితే మళ్ళీ దగ్గు వచ్చేది. ఊరి నుంచి కొత్త గుంపు సొరంగానికి బయలుదేరిన ప్రతిసారీ, ఇక్కడి ఆడవాళ్ళు తమవాళ్ళ పేరు రాసిన మూట కట్టి వాళ్ళ చేతికిస్తారు. చంద్రకళ మూటలో అన్నిటికంటే పైన కరక్కాయల పొట్లం, దాని కింద శొంఠి పొడి ఉండేవి. మొదట చేతికి అవే తగలాలని.

మొన్నటి చలికాలంలో ఒకరోజు అతను "చంద్రీ, నాకు" అని ఆగిపోయాడు. నోరు తెరిచినది తెరిచినట్టే, తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. అక్కడ మంచు తుఫాను. మూడు రోజులు లైను రాలేదు. మూడు రోజులూ ఆమె ఫోను ఆర్పలేదు, ఛార్జింగ్‌లోనే పెట్టి ఆ తెరిచిన నోటి ముందు కూర్చుంది. పాపకు అన్నం కలిపింది, పెట్టడం మరిచిపోయింది.

నాలుగో రోజు అతను మామూలుగా ఫోను చేసి, నాకు రెండు జతల ఉన్ని సాక్సులు కావాలె అని చెబుదామనుకున్నానన్నాడు. అప్పటికే చంద్రకళ ఖాజా దుకాణానికి పోయి గొడవపడి వచ్చింది.

"నా తీగ తప్పు సగం, ఆ కొండల తప్పు సగం చెల్లె," అన్నాడు ఖాజా. "వచ్చింది వచ్చినట్టు నీకు ఇస్త. రానిది తెచ్చిచ్చుడు నా తోని కాదు."

ఆ మాట ఆమెకు అప్పుడు చేతగానితనంలాగా వినపడింది.

ఇంటింటికీ ఫోను లైను పెట్టెలు అమ్మే నిండుధార కంపెనీ అమ్మాయి స్రవంతి వచ్చింది ఆ వారంలోనే. తెల్లటి పెట్టె ఒకటి, అరచేతిలో పట్టేంత, ముందు వైపు చిన్న దీపం. స్రవంతి ఎక్కువ మాటలు చెప్పలేదు. ముంబైలో ఉన్న తన తమ్ముడికి ఆ పెట్టె మీద ఫోను కలిపింది. తమ్ముడు ఏదో సినిమా గురించి చెబుతుంటే, చంద్రకళ కళ్ళ ముందే, పెట్టె వెనక నుంచి లైను తీగ పీకి చేతిలో పట్టుకుంది. తమ్ముడు ఆగలేదు. నవ్వాడు, తల గోక్కున్నాడు, అక్కా వింటున్నావా అన్నాడు.

"వైరు పీకినా మాట్లాడుతుండు గదా!"

"మూడు వారాలు వింటే పెట్టెకు మనిషి తెలిసిపోతడక్కా. లైను ఎక్కడ తెగితే అక్కడ అదే నింపుకుంటది. ఇటు నుంచి మీ మొహం గూడ ఆయన ఫోనుకు అట్లనే నిండుగ పోతది."

ఎవరు నింపుతున్నారు, దేనితో నింపుతున్నారు అని చంద్రకళ అడగలేదు. తొమ్మిదో తరగతిలోనే ఇంట్లో బడి మానిపించారు. చదువుకున్నవాళ్ళ ముందు ప్రశ్న వేస్తే తన తెలియనితనం బయటపడుతుందని, తెలిసినట్టు తలూపడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. స్రవంతి చేతిలోని పలక మీద ఇంగ్లీషు అక్షరాలు కదులుతున్నాయి. ఒక్కొక్కటి చదివి చెబుతుంటే సరే సరే అంటూ పోయింది. అందులో ఒకటి, చెవికి ఇబ్బంది పెట్టే చప్పుళ్ళు తీసెయ్యాలా అని. రైసుమిల్లు హోరు, పక్కింటి మిక్సీ, హంసిక ఏడుపు. తియ్యి అంది చంద్రకళ. రెండు వైపులా తియ్యాలా అంటే, రెండు దిక్కులా తియ్యి అంది.

దీపం పచ్చగా ఉంటే లైను దానంతట అదే వస్తున్నట్టు, నీలంగా ఉంటే పెట్టె నింపుతున్నట్టు అని కాగితంలో ఉందట. ఆ కాగితం ఆమె పప్పు డబ్బాల కింద పరిచింది.

ఇరవై రోజులు పెట్టె నేర్చుకుంది. ఇరవై ఒకటో రోజు నుంచి చక్రం తిరగలేదు.

కురుమయ్య నిండుగా వచ్చాడు. బుగ్గలు మెరుస్తున్నాయి. మాటకు మాట తగులుతోంది. "ఇగ నువ్వు" అనే అవసరమే లేకపోయింది. అంకెలు లెక్కపెట్టుకునే పనీ పోయింది. గదిలో ఇద్దరి మాటలూ వాన చినుకుల్లా టపటపా పడుతుంటే, చంద్రకళకు అతను కొండల్లో కాదు, గోడ అవతల ఉన్నట్టే అనిపించింది. దగ్గు తగ్గిందా అని అడిగింది. మంచిగున్న చంద్రీ, అన్నాడు. నిజంగానే దగ్గడం లేదు. ఒక్కసారి కూడా. గుంపు బయలుదేరే రోజు మూట కడుతూ, కరక్కాయలు చేతిలోకి తీసుకొని మళ్ళీ డబ్బాలో వేసేసింది. పల్లిపట్టీలు పంపమని అతనే అడిగాడు కదా, ఆ స్థలంలో పల్లిపట్టీలే పెట్టింది.

హంసికకు మాత్రం ఫోను మీద ఆసక్తి పోయింది. ఒళ్ళోంచి జారి, సూదుల డబ్బా దగ్గర ఆడుకునేది. ఒకరోజు తెరకు దగ్గరగా వచ్చి, గుండెల మీద చెయ్యి పెట్టుకొని ఖళ్ళున దగ్గి, తండ్రి వంక చూస్తూ నిలబడింది. తండ్రి నవ్వుతూ చీర పని ఎట్లా ఉందని చంద్రకళను అడుగుతున్నాడు. పాప ఇంకోసారి దగ్గింది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నాయిన దగ్గుతలేడు," అంది.

"దగ్గు తగ్గిందే నాయినకు."

"గీ నాయిన దగ్గడు."

చంద్రకళ ఆ మాటను ముద్దుగా తీసుకుంది. కానీ ఫోను పెట్టేశాక గది మునుపటికంటే పెద్దదిగా అనిపించడం మొదలైంది. ముందు రోజు చెప్పింది అతనికి గుర్తుండటం లేదు. ఇస్త్రీ పెట్టె తగిలి ఎవరిదో పట్టుచీర కాలిందని చెప్పి ఏడిస్తే, మర్నాడు దాని ఊసే ఎత్తలేదు. పాపకు జ్వరం తిరగబెట్టిన సాయంత్రం, నాకు భయమైతుంది, ఒక్కదాన్ని ఉండలేను అని మొహం కప్పుకుంటే, అతను చిరునవ్వుతో వింటూ కూర్చున్నాడు. అలిసిపోయి ఉంటాడులే అనుకుంది. ఇంత బాగా మాట్లాడే మనిషితో ఇంత సేపు మాట్లాడి కూడా ఒంటరిగా ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు. తప్పు తనదేనేమో అనుకుంది. దీపం ఒక్కనాడూ పచ్చగా నిలవలేదు. నీలం రంగు బాగుందని, గుడ్డి వెలుగుకు పనికొస్తుందని, దాన్ని పాప పడుకునే వైపు తిప్పి పెట్టింది.

ఎండలు మొదలయ్యాక ఆశన్న తిరిగొచ్చాడు. కురుమయ్య ఊరివాడు, అతనికి పెదనాన్న వరస, అదే క్యాంపులో వంట చేస్తాడు. పది రోజుల సెలవు మీద వచ్చాడు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా రైసుమిల్లు వెనక్కి వచ్చి, గడపలోనే నిలబడి ఒక మూట చేతికిచ్చాడు. విప్పితే పల్లిపట్టీలు. కట్టిన కాగితం కూడా విప్పలేదు.

"మింగలేకపోతుండు బిడ్డా," అన్నాడు. "కరక్కాయ ఉంటదని మూటంత గుమ్మరించి ఎతికిండు. నన్ను సుత అడిగిండు, పెద్దనాయినా, మా చంద్రి నీ మూటల ఏమన్న వేరేగ పెట్టిందా అని."

దగ్గు తగ్గింది కదా మామా అంది చంద్రకళ. రోజూ చూస్తున్నాను కదా అంది.

ఆశన్న భుజం మీది సంచి కింద పెట్టాడు. "దినాం చూస్తున్నవా? మనిషి సగమైండు. షెడ్డుకు పది మెట్లుంటయ్, నాలుగు మెట్లకే కూసుంటుండు. మొన్న నేను పక్కన్నే ఉన్న, నీతోని మాట్లాడుకుంట మాట్లాడుకుంట దగ్గలేక వంగిపోయిండు. నువ్వు ఫోన్ల నవ్వుతున్నవ్."

చంద్రకళ పాపను చంకనేసుకొని, పెట్టెను కొంగులో కట్టుకొని నిండుధార ఆఫీసుకు పోయింది. బస్టాండు పక్కన అద్దాల గది. స్రవంతి మొదట నవ్వుతూ కుర్చీ చూపించింది. లైనుకు ఏమైనా ఇబ్బందా అని అడిగింది. ఇబ్బంది లేదు, అదే ఇబ్బంది అని చంద్రకళకు చెప్పడం రాలేదు. నిన్న మా ఆయన నాతో మాట్లాడింది ఎంత, అది చెప్పు అంది. ఈసారి తల ఊపలేదు, సిగ్గుపడలేదు. చెప్పేదాకా లేవనంది.

స్రవంతి పెట్టెను తన కంప్యూటరుకు తగిలించి చూసింది. ఒక వరస మీద వేలు పెట్టి మళ్ళీ లెక్క చూసింది.

"నలభై నిమిషాలు మాట్లాడిండ్రు అక్కా. అండ్ల అటు నుంచి లైను వచ్చింది ఆరు నిమిషాలు."

"మిగిలింది?"

"పెట్టె."

"అవతల నవ్విన నేను?"

స్రవంతి తెర వైపే చూస్తూ, అది కూడా పెట్టే అంది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. ఏ చప్పుడు తీసెయ్యాలో నేర్చుకోవడానికి, తీసేసినవాటిని పెట్టె దాచుకుంటుంది. వాటిని ఎవరూ వినరు. వినడానికి కాదు అవి.

వినిపించు అంది చంద్రకళ.

మొదట రైసుమిల్లు వచ్చింది. పక్కింటి మిక్సీ, హంసిక ఏడుపు. ఆ తర్వాత దగ్గు. ఒక దగ్గు కాదు. రెండున్నర నెలల దగ్గు, మధ్యలో ఉన్న నవ్వూ మాటా మరోచోట ఖర్చయిపోగా, ఒకదాని వెనక ఒకటి గుచ్చిన దగ్గు. పొడి దగ్గు, తడి దగ్గు, వంగిపోయి దగ్గే దగ్గు, దగ్గయ్యాక గాలి కోసం ఈడ్చే ఈల. దగ్గుతో కలిసి వచ్చిన మాటలు దగ్గుతో పాటే తీసివేతలోకి పోయాయి. అవి కూడా అక్కడే ఉన్నాయి.

"చంద్రీ, మూటల కరక్కాయ లేదు. మరిచినవా? ఇగ నువ్వు."

ఆ తర్వాత నిశ్శబ్దం. చంద్రకళ తెలియకుండానే లెక్కపెట్టింది. పది దాటింది, ఇరవై దాటింది.

"ఇనవడ్తుందా? ఇగ నువ్వు."

అవతల తను జవాబు చెప్పే ఉంటుంది. నవ్వుతూ, నిండుగా, చీర పని గురించి. ఆ జవాబు ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్నది వేరే జవాబు. ఇంకో దగ్గు అయ్యాక తన గొంతే వినబడింది, ముక్కు చీదుతూ, నాకు భయమైతుంది, ఒక్కదాన్ని ఉండలేను అని. రెండు దిక్కులా తియ్యి అన్నది కదా, రెండు దిక్కులవీ తీసి పెట్టె ఒకే చోట పోసింది. అతని ఆయాసం పక్కన ఆమె ఏడుపు. ఆ రెండున్నర నెలల్లో మొగుడూ పెళ్ళాలు నిజంగా కలిసి ఉన్న జాగా అదొక్కటే.

హంసిక ఒళ్ళోంచి దిగి, బల్ల అంచు పట్టుకొని తలెత్తింది. "నాయిన," అంది, స్పీకరు చూపించి. గుండెల మీద చెయ్యి పెట్టుకొని దగ్గింది.

స్రవంతి ఆపేసింది. చంద్రకళ గుమ్మం దాటుతుండగా ఆ అమ్మాయి తన ఫోను తీసి చేతిలో పట్టుకొని ఉంది. ముంబై తమ్ముడి నంబరు. కలపడం లేదు, చూస్తోంది.

అక్కడి నుంచి చంద్రకళ నేరుగా ఖాజా దుకాణానికి పోయింది. తెల్ల పెట్టె ఆఫీసులోనే వదిలేసి వచ్చానంటే ఖాజా తల ఊపి, దుకాణంలోని తన లైనుకే ఆమె ఫోను తగిలించాడు. వేళ అప్పుడు నాలుగు. అక్కడ పని దిగే వేళ కాదు. అయినా రెండోసారికే ఎత్తాడు. అంటే పనికి పోలేదన్నమాట.

చక్రం తిరిగింది. ఆ చక్రాన్ని చూసి చంద్రకళకు ఏడుపొచ్చింది, అంత తెలిసిన ముఖంలా ఉంది అది. ఆ తర్వాత గళ్ళు గళ్ళుగా కురుమయ్య. బుగ్గలు లేవు. దవడ ఎముకల మీద తోలు. మంచం పక్కన రేకు గోడ. ముందు దగ్గు వచ్చింది, తర్వాత మాట వచ్చింది.

"ఇయ్యాల మొహం వేరేగ ఉన్నది నీది. ఏడుస్తున్నవా? ఇగ నువ్వు."

"ఏడుస్తున్న," అంది. "ఇన్ని దినాలు నవ్వింది నేను గాదు. పెట్టె నవ్వింది. నీ దగ్గు నాకు ఇనవడలేదు. నా ఏడుపు నీకు ఇనవడలేదు. అది నేనే తియ్యమన్న, తెల్వక. ఇగ నువ్వు."

పన్నెండు దాకా లెక్కపెట్టింది.

"నేనేమనుకున్ననంటే," దగ్గు, "నా దగ్గు నీకు అలవాటైపోయిందనుకున్న. దినాం దగ్గేటోన్ని ఎంతకని అడుగుతదిలే అనుకున్న. అందుకే డాక్టరు కాడికి పొమ్మన్నా పోలే. ఎవరికోసం పోవాలె అని." ఈల లాంటి ఊపిరి. "పాపేది? ఇగ నువ్వు."

హంసికను ఎత్తి చూపించింది. పాప దగ్గింది. అవతల అతను నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది, ఆ దగ్గు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఖాజా మొహం తిప్పుకొని తీగ చుట్టలు సర్దుతున్నాడు.

"పని ఇడిచిపెట్టు," అంది చంద్రకళ. "ఇయ్యాలనే డాక్టరు కాడికి పో. తర్వాత ఇంటికి రా. నాకోసం పో. పాప కోసం పో. పోతవా? ఇగ నువ్వు."

అతను నోరు తెరిచాడు. బొమ్మ ఆగిపోయింది.

పది. ఇరవై. నూరు. ఖాజా తన లైను పెట్టె ఆపి మళ్ళీ పెట్టాడు, స్తంభం ఎక్కి తీగ చూసి దిగాడు. ఇక్కడ లైను బాగానే ఉంది చెల్లె, అక్కడే పోయింది అన్నాడు. కురుమయ్యకు ఏమీ కాలేదని అబద్ధం చెప్పలేదు, లైను వస్తుందని కూడా చెప్పలేదు. తను కూర్చునే కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు.

అది జరిగి ఇప్పటికి ఐదు రోజులు. అకాల మంచు పడి కొండదారి మూసుకుపోయిందని వార్తల్లో చెప్పారు. ఆశన్న గుంపు బయలుదేరడానికి ఇంకా నాలుగు రోజులుంది. కరక్కాయల పొట్లం ఈసారి మూటలో కాదు, ఆశన్న జేబులోనే పెట్టింది చంద్రకళ. క్యాంపు ఆఫీసు నంబరు మోగుతుంది కానీ ఎవరూ ఎత్తరు. ప్రతి సాయంత్రం ఆమె పాపతో ఖాజా దుకాణానికి వస్తుంది. ఆర్పకుండా ఉంచిన ఫోను తెర మీద తెరిచిన నోరు అట్లాగే ఉంది. ఆమె అన్నిటికంటే ఎక్కువ భయపడ్డది దీనికే. అయినా పెట్టె తెచ్చి నింపుకోమంటే మాత్రం నింపుకోదు. ఆ సగం మాటలో మిగతా సగం అతనిదే కావాలి ఆమెకు.

మీలో ఎవరైనా ఆ కొండల దిక్కు ఉంటే, రైలు సొరంగం పని జరిగే చోట ఆరో నంబరు క్యాంపు ఉంటుంది. మూడో రేకుల షెడ్డు, పది మెట్లెక్కాలి, తలుపు పక్కనే మంచం. పేరు కురుమయ్య. ఒక్కసారి పోయి తలుపు బయట నిలబడి వినండి. దగ్గు వినబడితే నాగర్‌కర్నూలులో ఖాజా దుకాణానికి కబురు చెయ్యండి. వినబడకపోతే బయటే నిలబడకండి, దయచేసి లోపలికి వెళ్ళి చూడండి.